వీర్యంలో పస్ సెల్స్: మూడో యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టే ముందు

ఇలాంటి రిపోర్టే చేతిలో పట్టుకుని తిరుగుతున్నవాళ్లు చాలామంది ఉంటారు. అందుకని మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను. మీకు 34, మీ ఆవిడకి 31. పెళ్లయి మూడేళ్లు. సొంతూరు గుంటూరు దగ్గర, కాపురం బెంగళూరు మారతహళ్లిలో. ఏడాదిన్నరగా పిల్లల కోసం ప్రయత్నిస్తున్నారు. వీర్య పరీక్షలో పరిమాణం 2.2 మి.లీ., కౌంట్ మి.లీ.కి 38 మిలియన్లు, కదలిక 28 శాతం, పస్ సెల్స్ (చీము కణాలు) 12–15. కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే పరీక్షలో) ఎంటరోకోకస్ అనే క్రిమి వచ్చింది. మొదట ఐదు రోజులు ఆఫ్లోక్సాసిన్, తర్వాత 14 రోజులు లెవోఫ్లోక్సాసిన్ వాడారు. ఇప్పుడు పస్ సెల్స్ 8–10. మూడో కోర్సు వాడమని ఒక డాక్టరు, నేరుగా ఇక్సీకి (ఒక్కో వీర్యకణాన్ని సూదితో అండంలోకి ఎక్కించే పద్ధతికి) వెళ్లమని ఇంకో సెంటరు. కాలేజీలో ఉండగా ఒకసారి మూత్రంలో మంట, చీము వచ్చి మెడికల్ షాపులో మాత్రలు కొని మింగారు. ఆ సంగతి మీ ఆవిడకి తెలియదు. ఇన్‌ఫెక్షన్ వల్లే పిల్లలు కలగడం లేదా అన్నది మీ ప్రశ్న.

నేను బెంగళూరులో యూరాలజీ ప్రాక్టీస్ చేస్తున్నాను. ఇటు ఐటీ వాళ్లు, అటు అనంతపురం, హిందూపురం, మదనపల్లె నుంచి రాత్రి బస్సెక్కి పొద్దున్నే దిగేవాళ్లు, నా దగ్గరికి వచ్చేవారిలో సగం తెలుగువాళ్లే. అందరి ఫైల్లోనూ ఇదే కథ కనిపిస్తుంది: పస్ సెల్స్, యాంటీబయాటిక్, మళ్లీ పస్ సెల్స్, ఇంకో యాంటీబయాటిక్. ఇన్‌ఫెక్షన్ మగవాడి సంతాన శక్తిని దెబ్బతీస్తుంది, అందులో అనుమానం లేదు. కానీ మీరు రాసిన రిపోర్టులో ఇన్‌ఫెక్షన్ ఉన్నట్టు ఇంకా రుజువు కాలేదు. మూడో కోర్సు ఇప్పుడే వద్దు. ఇక్సీ కూడా ఇప్పుడే వద్దు.

మీరు మధ్యలో ఒక వాక్యం రాసి వదిలేశారు. శాంపిల్ ఇంట్లో తీసి, జేబులో పెట్టుకుని, పొద్దున తొమ్మిదింటికి కారులో జయనగర్ ల్యాబ్‌కి తీసుకెళ్లానన్నారు. మారతహళ్లి నుంచి రింగ్ రోడ్డు మీద సిల్క్ బోర్డు దాటి జయనగర్ చేరడానికి ఆ టైములో ఎంతసేపు పడుతుందో ఈ ఊళ్లో ఉండేవాళ్లకి చెప్పక్కర్లేదు. వీర్యం బయటికొచ్చాక పలచబడాలి, బయటికొచ్చిన గంటలోపే కదలిక చూడాలి. ఆలస్యమైనకొద్దీ కదలిక పడిపోతుంది. ఏసీ గాలికి డబ్బా చల్లబడితే ఇంకా పడిపోతుంది. మీ 28 శాతంలో ట్రాఫిక్ వాటా ఎంతో ఎవరూ చెప్పలేరు. ఈసారి శాంపిల్ ల్యాబ్‌లోనే ఇవ్వండి. ఆ చిన్న గదిలో, బయట జనం ఎదురుచూస్తుండగా టెన్షన్ పడటం మామూలే. అలా కుదరకపోతే ల్యాబ్‌కి దగ్గర్లో ఒక గది తీసుకున్నా తప్పు లేదు. రెండు నుంచి ఏడు రోజుల విరామం ఉండాలి. ముందు మూత్రానికి వెళ్లి, చేతులు, అంగం సబ్బుతో కడిగి బాగా తుడుచుకోవాలి. నూనె, జెల్, ఉమ్మి ఏదీ వాడకూడదు. కొంత భాగం బయట పడిపోతే, ముఖ్యంగా మొదటి బొట్లు పోతే, దాచకుండా చెప్పేయండి. వీర్యకణాలు ఎక్కువగా ఉండేది ఆ మొదటి భాగంలోనే.

ఇక పస్ సెల్స్. మామూలు ల్యాబ్‌లో స్లైడ్ మీద చుక్క వేసి మైక్రోస్కోపులో చూస్తారు. గుండ్రంగా కనిపించినవన్నీ పస్ సెల్స్ అని రాసేస్తారు. వృషణం నుంచి పూర్తిగా ఎదగకుండా జారిపడిన వీర్యకణాల పిల్ల కణాలు కూడా గుండ్రంగానే ఉంటాయి. రంగు వేయకుండా ఈ రెంటినీ వేరుచేయడం కష్టం. పెరాక్సిడేజ్ స్టెయిన్ వేస్తే చీము కణాలు రంగు పట్టుకుంటాయి, పిల్ల కణాలు పట్టుకోవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మాన్యువల్ గీసిన గీత కూడా ఈ స్టెయిన్‌తో లెక్కపెట్టిన కణాలకే: మి.లీ.కి పది లక్షలు దాటితే ఎక్కువ. మీ రిపోర్టులోని ‘12–15’ మైక్రోస్కోపులో ఒక వలయంలో కనిపించిన సంఖ్య. దాన్ని ఆ పది లక్షల గీతతో పోల్చడానికి లేదు. పిల్ల కణాలకు యాంటీబయాటిక్ ఇస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. మళ్లీ పరీక్షలో మళ్లీ కనిపిస్తాయి, మందు పనిచేయలేదని ఇంకా పెద్ద మందు రాస్తారు.

నిజంగానే చీము కణాలైనా, అవి ఉన్న ప్రతిచోటా క్రిములు ఉండాలని లేదు. సిగరెట్లు, వేరికోసీల్ (వృషణం పైన సిరలు ఉబ్బడం), చాలా రోజుల విరామం, ఈమధ్య వచ్చిన జ్వరం, ఇలా కారణాలు వేరే ఉండొచ్చు.

కల్చర్ సంగతీ అంతే. ఎంటరోకోకస్ పేగుల్లో కాపురం ఉండే క్రిమి. మూత్రనాళం చివర, చర్మం మీద కూడా దొరుకుతుంది. వీర్యం బయటికొచ్చే దారి శుభ్రమైన దారి కాదు కాబట్టి, మంచి ఆరోగ్యవంతుడి వీర్యంలోనూ ఏదో ఒక క్రిమి పెరుగుతుంది. అదే క్రిమి మూత్రంలో కూడా వచ్చిందా, ప్రొస్టేట్ మసాజ్ తర్వాత తీసిన మూత్రంలో ఎక్కువగా వచ్చిందా, మీకు మంట, నొప్పి, జ్వరం ఉన్నాయా? ఇవి కలిసొస్తేనే దానికి విలువ. మీకు లక్షణాలేమీ లేవన్నారు. అలాంటప్పుడు ఒక్క కల్చర్ చూసి 14 రోజుల మందు రాయడం నాకు నచ్చదు. చర్మం మీద ఉండే స్టెఫైలోకోకస్ ఎపిడెర్మిడిస్ వచ్చిందని హడలిపోయి వచ్చేవాళ్లూ ఉన్నారు. అది చాలావరకు చేతులు సరిగా కడుక్కోకపోవడం వల్ల వచ్చేదే.

మరి అసలైన ఇన్‌ఫెక్షన్ చేసే నష్టం ఎలా ఉంటుంది? వృషణంలో తయారైన కణం ఎపిడిడిమిస్ అనే గొట్టంలోకి వస్తుంది. వృషణం వెనక జంతికలా చుట్టుకుని ఉండే ఒకే ఒక్క గొట్టం అది. సాగదీస్తే ఆరు మీటర్ల దాకా వస్తుంది. కణం ఈత నేర్చేది అక్కడే. క్రిములు మూత్రనాళం నుంచి వెనక్కి ఎక్కి ఈ గొట్టంలో చేరితే లోపల వాపు వచ్చి, మానేటప్పుడు మచ్చ కడుతుంది. అంత సన్నని గొట్టంలో ఒక్కచోట మచ్చ కట్టినా దారి మూసుకుపోతుంది. ఒకవైపు మూసుకుపోతే కౌంట్ తగ్గుతుంది. రెండు వైపులా మూసుకుపోతే వృషణాలు కణాలను తయారుచేస్తూనే ఉన్నా వీర్యంలో ఒక్కటీ కనిపించదు. పూర్తిగా బాగుచేయడం కష్టమైన నష్టం ఇది, ఏ యాంటీబయాటిక్ కూడా మచ్చను కరిగించదు. మీకు కౌంట్ 38 మిలియన్లు ఉంది, పరిమాణం 2.2 ఉంది. అంటే కనీసం ఒక దారైనా తెరిచే ఉంది. ఈ ఒక్క భయం ఇవాళే వదిలేయొచ్చు.

మిగతా నష్టాలు ఇంత మొండివి కావు. క్రిములతో పోరాడే తెల్లకణాలు చురుకైన ఆక్సిజన్ రసాయనాలను విడుదల చేస్తాయి. వీర్యకణం పైపొరలో కొవ్వు ఎక్కువ, దాన్ని మరమ్మతు చేసుకునే సరంజామా దాని దగ్గర లేదు. అందుకని పొర దెబ్బతిని కదలిక పోతుంది, లోపలి డీఎన్ఏ తెగుతుంది. ఈ.కోలై లాంటి క్రిములు నేరుగా కణాలకు అతుక్కుని వాటిని గుంపులుగా కట్టేస్తాయి. ప్రొస్టేట్, సెమినల్ వెసికిల్స్ వాస్తే అవి కలిపే ద్రవం మారిపోతుంది, వీర్యం పలచబడటానికి ఎక్కువసేపు పడుతుంది. ఒక్కోసారి వాపు వల్ల శరీరం తన వీర్యకణాలనే పరాయివి అనుకుని వాటి మీద యాంటీబాడీలు తయారుచేస్తుంది. దాన్ని మార్ టెస్ట్‌లో చూస్తారు. కణాలు గుంపులుగా అతుక్కుని కనిపిస్తేనే ఆ పరీక్ష, అందరికీ అక్కర్లేదు.

మీ కాలేజీనాటి సంగతికి వద్దాం. పసుపుపచ్చ చిక్కటి చీము, మంట అంటే గనేరియా అయుండొచ్చు, క్లమీడియా కూడా తోడై ఉండొచ్చు. రెండూ సుఖ వ్యాధులే, తరచు కలిసే వస్తాయి. మన ఇళ్లలో మూత్రంలో మంట అంటే ‘వేడి చేసింది’ అని బార్లీ నీళ్లు, సబ్జా గింజలు ఇస్తారు. రెండు రోజులకి మంట తగ్గుతుంది కూడా. క్లమీడియాతో చిక్కేమిటంటే మగవాళ్లలో చాలామందికి, ఆడవాళ్లలో ఇంకా ఎక్కువమందికి లక్షణాలే ఉండవు. మగవాడికి ఎపిడిడిమిస్ దెబ్బతింటే, ఆడవాళ్లకి గర్భాశయం దాటి ట్యూబుల దాకా పోతుంది.

ఇక్కడ మీ మందుల చీటీలో ఒక విషయం గమనించాను. లెవోఫ్లోక్సాసిన్ క్లమీడియా మీద పనిచేస్తుంది. ఒకవేళ మీకు అది ఉండి ఉంటే, 14 రోజుల్లో మీకు తగ్గిపోయే ఉంటుంది. కానీ మీ ఆవిడకి ఎవరూ మందు ఇవ్వలేదు, పరీక్షా చేయలేదు. ఆమెకు ఉంటే అది మళ్లీ మీకు వచ్చేస్తుంది. గనేరియా అయితే ఈ రకం మందులకు మన దేశంలో ఎప్పుడో లొంగడం మానేసింది. అంటే రెండు కోర్సులు వాడి కూడా, చేయాల్సిన వైద్యం జరిగిందో లేదో చెప్పలేని స్థితిలో ఉన్నారు. క్రిమి పేరు తేల్చకుండా మందు వాడితే మిగిలేది ఇదే.

చేయాల్సిన పరీక్ష పెద్దదేమీ కాదు. న్యాట్ అంటారు, క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకునే పరీక్ష. కనీసం గంటసేపు మూత్రం ఆపుకుని, ధారలో మొదట వచ్చే 20–30 మి.లీ. పట్టి ఇవ్వాలి. మామూలు మూత్ర పరీక్షకి మధ్య ధార పట్టమంటారు కదా, ఇది దానికి తలకిందులు. యాంటీబయాటిక్ ఆపిన నాలుగు వారాల తర్వాత ఇస్తే మంచిది, చచ్చిన క్రిముల ఆనవాళ్లు చూసి పొరబడకుండా ఉంటారు. క్లమీడియా, గనేరియా, మైకోప్లాస్మా జెనిటాలియం, ఈ మూడూ చాలు. పెద్ద ప్యాకేజీలో యూరియాప్లాస్మా కూడా కలిపి ఇస్తారు. అది చాలామందిలో ఊరికే ఉండిపోయే క్రిమి, పాజిటివ్ వచ్చిందని వెంటనే మందుకి పరిగెత్తకండి. క్లమీడియా ఐజీజీ రక్తపరీక్ష ఎప్పుడో వచ్చిపోయిందని మాత్రం చెబుతుంది, ఇప్పుడు ఉందో లేదో చెప్పదు.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్లు చదువుతుంటే: పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో ‘సురక్ష క్లినిక్’ అని ఉంటుంది. సుఖ వ్యాధులకు అక్కడ పరీక్ష, మందు, సలహా ఉచితం. వివరాలు గోప్యంగా ఉంచుతారు. మెడికల్ షాపు కౌంటర్ దగ్గర గొంతు తగ్గించి అడిగి కొనే మాత్రల కంటే అది ఎంతో మేలు.

వృషణం, వీర్యనాళాల దాకా వచ్చే క్షయ (టీబీ) గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన దేశంలో దీన్ని మరిచిపోవడం చాలా ఖరీదైన పొరపాటు. దగ్గు ఉండదు, కఫం ఉండదు. వృషణం వెనక గట్టిగా ఒక గడ్డ, నొప్పి పెద్దగా ఉండదు. వేళ్లతో పట్టుకుని చూస్తే వీర్యనాళం నున్నగా ఉండాల్సింది పూసలు గుచ్చినట్టు తగులుతుంది. వీర్యం పరిమాణం తగ్గుతూ ఒక మి.లీ. లోపుకి వస్తుంది. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగదు, చీము కణాలు మాత్రం ఉంటాయి. రెండు మూడు కోర్సులకీ తగ్గని చీము కణాలు, కల్చర్ నెగెటివ్ అంటే నేను ముందు ఆలోచించేది దీని గురించే. పొద్దున్నే మొదటి మూత్రం, వీర్యం జీన్‌ఎక్స్‌పర్ట్‌కి (క్షయ క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే పరీక్షకి) పంపిస్తాం, స్కాన్ చేస్తాం. తేలితే ఆరు నెలల మందు, ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితం. మందుకి క్షయ నయమవుతుంది, కానీ మానేటప్పుడు మచ్చ కట్టి దారి ఇంకా బిగుసుకోవచ్చు. అందుకే వీర్యంలో కణాలు ఇంకా ఉన్న రోజుల్లోనే కొన్ని ఫ్రీజ్ చేయించుకోమంటాను. మూసుకుపోయాక కూడా వృషణం నుంచి నేరుగా కణాలు తీసి ఇక్సీ చేయొచ్చు. అలా తండ్రులైనవాళ్లు ఉన్నారు. మీకు పరిమాణం బాగుంది, గడ్డ లేదంటున్నారు, కాబట్టి ఇది మీ సంగతి కాకపోవచ్చు. అయినా డాక్టరు చేత్తో పరీక్ష చేయాలి. రెండు చోట్ల చూపించుకున్నా ఎవరూ ప్యాంటు విప్పించి చూడలేదని రాశారు! వేరికోసీల్ కూడా తెలిసేది చేత్తోనే. పిల్లలు లేరని వచ్చే మగవాళ్లలో మూడోవంతుకి పైగా అది కనిపిస్తుంది, కదలిక తగ్గడానికి అదొక్కటే చాలు.

తొమ్మిదేళ్ల వయసులో గవదబిళ్లలు వచ్చాయన్నారు. యవ్వనం రాకముందు వస్తే వృషణాలకు దాదాపు ఏమీ కాదు. ఆ వయసు దాటాక వస్తేనే 15–30 శాతం మందికి వృషణం వాస్తుంది, అదీ ఎక్కువగా ఒకవైపే. పూర్తిగా పిల్లలు పుట్టకపోవడం అరుదు. సర్కారు టీకాల్లో ఇచ్చేది ఎంఆర్ (తట్టు, రుబెల్లా), అందులో గవదబిళ్లల టీకా లేదు. రేపు మీకు పిల్లలు పుడితే ఎంఎంఆర్ అడిగి వేయించండి. గోదావరి జిల్లాల వాళ్లు వరిబీజం గురించి అడుగుతుంటారు. అది ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. డెంగీ, కొవిడ్, ఏ గట్టి జ్వరమైనా రెండు మూడు నెలలు కౌంటునీ కదలికనీ కిందికి లాగుతుంది, తర్వాత అదే సర్దుకుంటుంది.

పరీక్షల్లో ఇన్‌ఫెక్షన్ తేలితే ఇద్దరికీ ఒకేసారి మందు. క్లమీడియా అయితే సాధారణంగా డాక్సీసైక్లిన్ ఏడు రోజులు. మీ ఆవిడకి ఆ నెల గర్భం లేదని చూసుకునే ఇస్తారు. కోర్సు అయ్యేదాకా, ఇద్దరికీ పూర్తయ్యేదాకా దూరంగా ఉండాలి. వృషణం వెనక గొట్టం వాస్తే కోర్సు ఇంకా ఎక్కువ రోజులు, ఇంజెక్షన్ కూడా ఉంటుంది. ప్రొస్టేట్ అయితే వారాల తరబడి. ఆ తర్వాత తొందరపడి పదిహేనో రోజు పరీక్ష చేయించకండి. ఒక వీర్యకణం తయారవడానికి సుమారు 74 రోజులు, ఎపిడిడిమిస్ దాటడానికి ఇంకొన్ని రోజులు. ఇవాళ్టి వైద్యం ఫలితం కనిపించేది మూడో నెలలో. మీరు రెండో కోర్సు అయిన పదో రోజే పరీక్ష చేయించి నిరాశపడ్డారు.

ఒక నిజం ముందే చెప్పాలి. మందుతో రిపోర్టులో అంకెలు మెరుగవుతాయి. దాంతో గర్భం వచ్చే అవకాశం కూడా పెరుగుతుందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. యూరప్ యూరాలజీ సంఘం మార్గదర్శకాలు కూడా రోగికి ఈ మాట చెప్పాలనే అంటాయి. ఇన్‌ఫెక్షన్ ఉంటే దాన్ని తగ్గించాల్సిందే, మీ ఇద్దరి ఆరోగ్యం కోసం. కానీ పస్ సెల్స్ సున్నా అయ్యేదాకా పిల్లల ప్రయత్నం ఆపి కూర్చోవడంలో అర్థం లేదు.

మీకు రాసిచ్చిన 1,800 రూపాయల యాంటీఆక్సిడెంట్ మాత్రల సంగతి. అమెరికాలో 2,370 జంటల మీద జింక్, ఫోలిక్ యాసిడ్ ఇచ్చి చూసిన అధ్యయనం 2020లో వచ్చింది. ప్రసవాల సంఖ్యలో తేడా రాలేదు. ఆ డబ్బు మీ ఆవిడ ట్యూబులు చూసే పరీక్షకి ఉంచుకోండి. జిమ్‌లో ఎవరైనా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ అంటే మాత్రం దండం పెట్టి వచ్చేయండి, అది కౌంటుని సున్నా దాకా దించగలదు.

ఇప్పుడు మీ అంకెలు ఒకసారి గుణించి చూద్దాం. 2.2 మి.లీ. ఇంటూ 38 మిలియన్లు, అందులో 28 శాతం: సుమారు 23 మిలియన్లు, అంటే రెండు కోట్ల ముప్పై లక్షల కదిలే కణాలు. కదలికకు కింది గీత 42 శాతం కాబట్టి మీది తక్కువే, కాదనను. కానీ ఈ మొత్తం మీద సహజంగా గర్భం రావచ్చు. రాకపోతే ఐయూఐకి సరిపోతుంది. ఐయూఐలో వీర్యాన్ని కడిగి కదిలే కణాలను వేరుచేసి గర్భాశయంలోకి ఎక్కిస్తారు, తెల్లకణాలు చాలావరకు అక్కడే పోతాయి. ఇక్సీ అనేది కణాలు బాగా తక్కువగా ఉన్నప్పుడు. మీకిచ్చిన ప్యాకేజీ కాగితంలో ట్యూబులు తెరుచుకున్నాయో లేదో చూసే పరీక్ష ఊసే లేదు. మీ కథలో క్లమీడియా అనుమానం ఉంది కాబట్టి అది ముందు జరగాలి. ట్యూబులు రెండూ మూసుకుపోయి ఉంటే ఐయూఐ దండగ, నేరుగా ఐవీఎఫ్‌కి వెళ్లడమే మంచిది. తెరిచి ఉంటే మీకు టైముంది. ఆమెకు 31, కాబట్టి ఈ మూడు నెలలు ఆగొచ్చు. ఆమెకు 37 అయితే నా సలహా వేరేలా ఉండేది.

అన్నిటికంటే తొందరపడాల్సిన సందర్భం ఒకటుంది, మీకు కాకపోయినా మీ తమ్ముళ్లకి పనికొస్తుంది. కుర్రవాడికి ఉన్నట్టుండి ఒక వృషణంలో భరించలేని నొప్పి, వాంతి వస్తే అది ఇన్‌ఫెక్షన్ అనుకుని మాత్రలు మింగి పడుకోకూడదు. వృషణం మెలి తిరిగి ఉండొచ్చు. ఆరు గంటల్లోపు ఆపరేషన్ అయితేనే దాన్ని కాపాడుకునే అవకాశం బాగుంటుంది. అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి వెళ్లాలి.

మిగిలింది, మీ ఆవిడకి ఎలా చెప్పాలన్నది. పరీక్షకి ముందు పాత కథంతా చెప్పాలని వైద్యపరంగా నియమం లేదు. పిల్లల కోసం వచ్చిన జంటలో ఇద్దరికీ ఈ పరీక్షలు చేయడం మామూలే. నెగెటివ్ వస్తే, చెప్పాలో వద్దో మీ ఇష్టం. పాజిటివ్ వస్తే మాత్రం దాచడానికి వీల్లేదు, ఆమె కూడా మందు వేసుకోవాలి కదా. బలం మాత్రలని చెప్పి యాంటీబయాటిక్ ఇచ్చే మగవాళ్లను చూశాను, అలా చేయకండి. క్లమీడియా ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు, ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా ఉండగలదు. ఈ మాట మీరు చెబితే సంజాయిషీలా ఉంటుంది, డాక్టరు చెబితే వైద్యంలా ఉంటుంది. మీకు నోరు రాకపోతే మీ డాక్టరుని ముందే ఫోన్లో అడగండి. ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పడం మాకు కొత్త కాదు.